తొంభై ఆరు మీటర్ల పలకరింపు

వెర్నా టాల్విటీ ఎలాంటి మనిషని మా వీధిలో ఎవరినడిగినా మంచిదనే చెబుతారు. పక్కింటి మెట్ల మీద మంచు తనే ఎత్తిపోస్తుందని, ఎవరికి జ్వరం వచ్చినా గుమ్మంలో చేపల సూప్ గిన్నె పెట్టి పోతుందని చెబుతారు. ఆ పక్కిల్లు నాదే, ఆ మెట్లు నావే, ఆ సూప్ తాగిన నోరూ నాదే. అయినా చెబుతున్నాను, తొమ్మిదేళ్ళపాటు నా ప్రాణం తోడేసిన మనిషి ఆవిడ. నేను ఆవిడ గురించి రాస్తే పొగుడుతాననుకునేవాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు.

కెనడాలోని మా థండర్ బేలో, డౌన్‌టౌన్‌లో ఉన్న పెద్ద దుకాణంలో అడుగు పెట్టగానే సెంట్ల కౌంటర్ ఉండేది. దాని ముందు వెర్నా ఇరవై ఆరేళ్ళు నిలబడింది. చేతిలో సెంటు సీసా, రెండో చేతిలో తెల్ల అట్టముక్కలు. వచ్చేవాళ్ళను ఆపి వాసన చూపించడం ఆవిడ ఉద్యోగం. ఆ పని చేసే ఆడవాళ్ళంటే ఊళ్ళో అందరికీ చిరాకే. వాళ్ళను తప్పించుకోవడానికి పక్క తలుపు నుంచి దూరేవాళ్ళు చాలామంది ఉండేవారు. కానీ వెర్నా నిలబడిన రోజు ఎవరూ పక్క తలుపుకి పోయేవారు కాదు.

ఆ కిటుకు నాకోసారి చెప్పింది. "భుజం చూడాలి ఒరెస్టూ. సంచీ తగిలించుకున్న భుజం మన వైపు తిరిగిందా, ఆగుతారు. అవతలికి తిరిగిందా, పోనియ్యాలి. ఒకసారి వద్దన్నవాళ్ళని ఆ రోజుకి మళ్ళీ అడగకూడదు. చంటిపిల్ల ఏడుస్తున్న తల్లిని అసలే ఆపకూడదు." మేనేజరు అందరినీ ఆపమని పోరేవాడట. ఈవిడ పదిమందిలో ముగ్గురినే ఆపేది, అందరికన్నా ఎక్కువ అమ్మేది. ఇలాంటి మనిషి తర్వాత ఎలా తయారైందో తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

ఆ దుకాణం మూతపడింది. అప్పటికి ఆవిడకి యాభై నాలుగు. నేను ముప్పై ఒక్కేళ్ళు సరస్సు ఒడ్డున ధాన్యం గోదాముల్లో పనిచేసి, మోకాళ్ళు అరగదీసుకుని ఇంట్లో కూర్చున్నాను. కూర్చున్నవాణ్ణి కూర్చున్నట్టు ఉండక "లోపలికి" వెళ్ళడం మొదలుపెట్టాను. లోపల అంటే కంప్యూటర్ తెర వెనక ఉన్న లోకం. అక్కడ మన బదులు మన బొమ్మలు తిరుగుతాయి, కావాలంటే ఎగురుతాయి కూడా. ఆ బొమ్మలకు ఇళ్ళు, వీధులు, కొట్లు, పెళ్ళిళ్ళు, తగాదాలు అన్నీ ఉంటాయి. బొమ్మ ఉంటే బట్టలు కావాలి, కాళ్ళకు జోళ్ళు కావాలి. గార్నెట్ అనే ఆయన నాకు జోళ్ళు తయారుచేయడం నేర్పాడు. తోలు మీద కుట్టు ఎలా గియ్యాలి, మడమ దగ్గర నీడ ఎలా వెయ్యాలి అన్నీ ఓపిగ్గా, నెలల తరబడి. ఏడాది తిరిగేసరికి నేను ఆడవాళ్ళ పొడుగు బూట్లు చేయడంలో చేయి తిరిగినవాణ్ణయ్యాను. గోదాములో నాతో పనిచేసినవాళ్ళకి ఈ సంగతి ఇప్పటికీ చెప్పలేదు.

ఒకనాడు ఉదయం వెర్నా పాన్‌కేకులు పట్టుకొచ్చి నా తెర మీద బూట్లు చూసింది.

"ఇవి నువ్వే చేశావా?"

"ఊఁ."

"ఇంత మంచివి చేసి మూలపెట్టుకున్నావేంటి ముసలోడా? వీటిని అమ్మే మొహం కాదు నీది. నాకివ్వు, నేనమ్ముతా."

అలా మొదలైంది. బూట్లు నావి, కొట్టు ఆవిడది. డెల్ఫీన్ అనే ఆవిడకి లోపల ఒక వీధి మొత్తం సొంతం. ఆ వీధి చివర, సముద్రం ఒడ్డున, మాకు కొట్టు కట్టుకునే జాగా ఇచ్చింది. వెర్నా అక్కడ పొద్దున కాఫీతో కూర్చుంటే మళ్ళీ వంటకే లేచేది. దుకాణం మూసేశాక మంచం దిగని మనిషి, మళ్ళీ పెదాలకి రంగు వేసుకోవడం మొదలుపెట్టింది. తెరలో తన మొహం ఎవరికీ కనబడదని తెలిసి కూడా వేసుకునేది.

కాని లోపల ఆవిడ విద్య పనిచేయలేదు. బొమ్మ మొహం ఎప్పుడూ ఒకేలా నవ్వుతుంది. అవతల మనిషి మనల్ని తిట్టుకుంటున్నా, కుర్చీలో కునుకు తీస్తున్నా బొమ్మ నవ్వుతూనే ఉంటుంది.

"వీళ్ళకి భుజాలు లేవు ఒరెస్టూ," అని మొత్తుకునేది. "ఇవాళొకావిడ నా ముందు పది నిమిషాలు నిలబడింది. బూట్లు నచ్చాయేమోనని ఒక్కో జోడూ చూపించి, వాగి వాగి గొంతెండిపోయింది. తీరా చూస్తే ఆవిడ కుక్కని తిప్పడానికెళ్ళిందిట!"

"నీకదే కావాలి," అన్నాను.

ఎవరిని ఆపాలో తెలియక అందరినీ ఆపడం మొదలుపెట్టింది. దానికి గంట కొనుక్కొచ్చింది.

గంటంటే ఇత్తడి గంటలా కనబడే వస్తువు. అది అందేంత దూరంలోకి ఏ బొమ్మ వచ్చినా ఆ మనిషి తెర మీద సగానికి సగం కప్పేస్తూ ఒక నీలం చీటీ తెరుచుకుంటుంది. మా చీటీ మీద నా నల్ల బూట్ల ఫోటో, దాని కింద వెర్నా రాసిన మాట: "ఇంత దూరం వచ్చి ఉత్తికాళ్ళతో వెళ్ళిపోతారా?" కింద రెండు మీటలు. ఒకటి "వద్దు", రెండోది "తీసుకెళ్ళు". రెండోది నొక్కితే బొమ్మ ఎక్కడున్నా సరే క్షణంలో మా కొట్లో వచ్చి పడుతుంది.

ఇది చాలదన్నట్టు కొట్టుకి ఒక అభిమానుల గుంపు పెట్టింది. లోపల ఒక్కో బొమ్మ నలభై గుంపుల్లోనే చేరగలదు. అంటే మన గుంపులో చేరినవాళ్ళు ఇంకెవరినో వదులుకుని వచ్చారన్నమాట. వాళ్ళని నెత్తిన పెట్టుకోవాలా వద్దా? ఈవిడ వాళ్ళకి రోజుకి మూడు సందేశాలు పంపేది. కొత్త బూట్లొచ్చాయని ఒకటి, వచ్చాయని చెప్పానుగా అని ఒకటి, ఇంకా చూడలేదేమని ఒకటి.

నేనేం నోరు మూసుకుని కూర్చోలేదు. అరిచాను. ఆవిడ వంటింట్లో అరిచాను, మా మెట్ల మీద అరిచాను, కూరల కొట్లో బంగాళాదుంపల ముందు నిలబడి అరిచాను. "నీకు సిగ్గుందా? నీ మొహం చూస్తేనే జనం పారిపోతున్నారు! ఆ గంట నీ మెళ్ళో కట్టుకో!" ఆవిడ నవ్వేది. "అయిందా? కాఫీ తాగుతావా?" అనేది. గంట పెట్టిన కొత్తలో అమ్మకాలు రెట్టింపయ్యాయి, కాదనను. అది చూసి ఆవిడకి ధైర్యం వచ్చింది, నాకు నోరు పడిపోయింది. తర్వాత మెల్లగా పాతవాళ్ళు జారుకున్నారు. పోయేవాళ్ళు ఎందుకు పోతున్నారో చెప్పరు, చెప్పేది నేనొక్కణ్ణే.

పక్కన కొవ్వొత్తులమ్మే ఆవిడ మొదటి ఫిర్యాదు రాసింది. తన కొట్లో నిలబడ్డవాళ్ళకి మా చీటీ తెరుచుకుంటోందని. రెండోది ఒక కొనుగోలుదారుడిది. ఒకే రోజు పదకొండు సందేశాలు వచ్చాయని. డెల్ఫీన్ మాకు మర్యాదగా ఉత్తరం రాసింది. వీధి నియమం మీకు తెలుసు, మూడో ఫిర్యాదు వస్తే వారంలో జాగా ఖాళీ చేయాల్సి ఉంటుంది, పక్కవారి నేల మీద మీ గంట మోగకుండా చూసుకోండి అని.

జాగా పోతే ఇంకోచోట పెట్టుకోవచ్చుగా అనకండి. మా దగ్గర కొన్న ప్రతివాళ్ళ సంచీలోనూ మా చిరునామా చీటీ ఉంటుంది. దాన్ని నొక్కితే సరిగ్గా ఆ ఒడ్డుకే వచ్చి దిగుతారు. కొట్టు కదిలితే తొమ్మిదేళ్ళుగా పంచిన చిరునామాలన్నీ ఒక్క రోజులో ఇంకెవరి గుమ్మం ముందుకో తీసుకెళతాయి. వెర్నాకి ఆ చోటు తప్ప వేరే ఏం మిగల్లేదు. అది ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు.

ఆ ఉత్తరంతో ఆవిడ నిజంగానే బెదిరింది. అక్టోబరులో, ఒక శనివారం, కంచె మీదుగా నన్ను కేకేసింది.

"ఒరెస్టూ! గంటని వీధి వైపునించి తీసేశా. కొట్టు వెనక మూలకి మార్చా. అక్కడ మూడు వైపులా సముద్రమే, నాలుగో వైపు మన పొడుగాటి జాగా. పడవల మీదొచ్చేవాళ్ళకి దూరం నుంచే తెలిసేలా తొంభై ఆరు మీటర్లు పెట్టా. ఎటు కొలిచినా పక్కవాళ్ళ నేల తగల్లేదు. నాలుగు వైపులా నడిచి మరీ చూశా. ఇక ఎవరికీ గొడవుండదు, ఏమంటావ్?"

నేను ఆకులు ఊడుస్తున్నాను. తల కూడా ఎత్తలేదు. "నీ గంట సంగతి నాకు చెప్పకు. దాని పేరెత్తితే ఈ చీపురు విరిగేది నీ నెత్తి మీదే."

"పోనీలే, మంచిరోజు చూసి చెప్తా," అని లోపలికి పోయింది.

మరునాడు, ఆదివారం మధ్యాహ్నం రెండింటికి, గార్నెట్ సంతాప సభ.

గార్నెట్ సెప్టెంబరులో పోయాడు. ఆయన భార్య బిర్డీ. వాళ్ళు మానిటోబాలో ఎక్కడో ఉండేవారు, బయట నేను వాళ్ళని ఎప్పుడూ చూడలేదు. లోపల మాత్రం వాళ్ళ ఇల్లు మా కొట్టుకి సరిగ్గా నెత్తిన, అరవై మీటర్ల ఎత్తులో, ఆకాశంలో ఉండేది. లోపల చాలామంది అలాగే కట్టుకుంటారు, కింద నుంచి చూస్తే ఏమీ కనబడదు. వెర్నా కొట్టు చూసుకోవడమే తప్ప ఎన్నడూ తల ఎత్తి పైకి చూసిన మనిషి కాదు. నేను మాత్రం ఆ చెక్క అరుగు మీద కూర్చుని కుట్లు గియ్యడం నేర్చుకున్నాను.

ముప్పై ఒక్క బొమ్మలం నల్ల బట్టల్లో నిలబడ్డాం. గార్నెట్ కూతురు నోరీన్ మొదటిసారి లోపలికొచ్చింది. కొత్త బొమ్మ, ఒంటి మీద ఉత్త చొక్కా, కాళ్ళకి ఏమీ లేదు. కొత్తగా వచ్చినవాళ్ళందరూ అలాగే ఉంటారు. ఎలా నడవాలో తెలియక పాపం గోడకి రెండుసార్లు గుద్దుకుంది. తండ్రి ఆఖరి రోజుల్లో తన గొంతుతో ఒక మాట రికార్డు చేసి ఆ ఇంట్లో దాచిపెట్టాడు. దాన్ని కూతురు వింటుండగా అందరికీ వినిపించాలని బిర్డీ కోరిక.

బిర్డీ టైపు చేస్తోంది. "ముప్పై ఎనిమిదేళ్ళు నాతో ఉన్నాడు. వెళ్ళేముందు..."

అప్పుడు నా తెర నీలమైపోయింది. నా నల్ల బూట్లు. నేను చేసినవి. "ఇంత దూరం వచ్చి ఉత్తికాళ్ళతో వెళ్ళిపోతారా?"

నా తల కొట్టేసినట్టయింది. నేను వద్దు నొక్కాను. అటూ ఇటూ ఒక అడుగు కదిలితే మళ్ళీ తెరుచుకుంది. ముప్పై ఒక్కమందికీ తెరుచుకుంది. ఎవరో "ఛీ" అని టైపు చేశారు. ఇంకొకరు "ఇదెవరి పని?" అన్నారు. నోరీన్ "అమ్మా, ఇదేంటి? ఎలా తియ్యాలి?" అని రాసింది. ఆ తర్వాత ఆ బొమ్మ అరుగు మీద లేదు. రెండో మీట నొక్కేసింది.

అరగంట చూశాం. తిరిగి రాలేదు. రికార్డు ఎవరూ వినలేదు. బిర్డీ "అందరికీ కృతజ్ఞతలు" అని మాత్రం రాసి దీపాలన్నీ ఆర్పేసింది.

నేను కోటు కూడా వేసుకోకుండా వెర్నా ఇంటికి వెళ్ళాను. వంటింట్లో హుషారుగా ఉంది. నేను నోరు తెరిచేలోపే మొదలుపెట్టింది.

"రా రా! ఇవాళొక కొత్త పిల్ల దానంతటదే మన కొట్లోకొచ్చి పడింది. పాపం కాళ్ళకేమీ లేవు. 'అయ్యో, ఉత్తికాళ్ళతో ఉన్నావేంటమ్మా' అని నీ నల్ల బూట్లు ఊరికే ఇచ్చేశా. ఉలుకూ పలుకూ లేదు. ఉన్నట్టుండి మాయమైపోయింది. ఈ కాలప్పిల్లలకి థాంక్యూ చెప్పడం కూడా చేతకాదనుకో."

తర్వాత ఏమేమన్నానో అన్నీ రాయలేను, రాయతగ్గవి కావు. శవాల మీద బూట్లమ్ముకునేదానా అన్నాను. నీ మొహం లోపల ఎవరికీ కనబడకపోవడం వాళ్ళ అదృష్టం అన్నాను. ఆవిడ చేతిలో తువ్వాలు పట్టుకుని గోడకి ఆనుకుంది.

"గార్నెట్ సభా? ఎక్కడ? నాకెవరూ చెప్పలేదే. నేను వెనక్కి మార్చాగా ఒరెస్టూ, అక్కడంతా సముద్రమేగా..."

"సముద్రం నీ నెత్తిన పడ!"

"వాళ్ళు మన కొట్టు మీదుగా ఎగిరెళ్ళుంటారు. దారిలో మోగుంటుంది. దూరం తగ్గిస్తాలే. యాభై చేస్తా."

"యాభై కాదు, నువ్వే తగలబడు!" అని తలుపు ధడాలున వేసి వచ్చేశాను.

సోమవారం పొద్దున ఆవిడ క్షమాపణ చెప్పుకుంది. ఎవరికి? బిర్డీకి కాదు, గుంపులో ఉన్న పదమూడు వందల నలభై మందికీ. "నిన్న ఆదివారం మా వల్ల జరిగిన బాధాకరమైన పొరపాటుకి మనస్ఫూర్తిగా క్షమించండి. మా విచారానికి గుర్తుగా ఈ వారం అన్ని బూట్లూ సగం ధరకే." ఏం పొరపాటో వాళ్ళలో నూటికి తొంభై తొమ్మిది మందికి తెలియదు. మధ్యాహ్నానికి అందరికీ తెలిసింది. సాయంత్రానికి గుంపులోంచి రెండు వందల మంది పోయారు.

మంగళవారం బిర్డీ కిందికి దిగి వచ్చింది. నేను కొట్లో బూట్లు సర్దుతున్నాను, వెర్నా గల్లా దగ్గర ఉంది. బిర్డీ బొమ్మ ఒంటి మీద ఇంకా ఆ నల్ల గౌనే ఉంది.

"నమస్కారం. మీ గంట నాకిప్పుడు కూడా మోగిందండీ," అంది. "చాలా శ్రద్ధగా పనిచేస్తోంది."

"బిర్డీ గారూ, నన్ను క్షమించండి. నేను కావాలని..."

"కావాలని చేస్తే ఇంత బాగా కుదరదు లెండి. ఫిర్యాదు రాయడానికే కూర్చున్నాను. రాయలేకపోయాను. ఆయన పేరు మీ బూట్ల పక్కన ఇంకోసారి రాయడం నాకిష్టం లేదు. అందుకని రాయను. మీమీద జాలితో మాత్రం కాదు."

"మీ మేలు మర్చిపోలేనండీ..."

"మర్చిపోండి. దయచేసి నన్ను, మా ఇంటిని, మా వాళ్ళని అందర్నీ మర్చిపోండి. నోరీన్ ఇంకెప్పుడూ లోపలికి రానంది. వాళ్ళ నాన్న గొంతు మీ నెత్తిమీద పెట్టెలో అలాగే ఉంది, వినేవాళ్ళు లేక." తర్వాత నా వైపు తిరిగింది. "ఏమయ్యా ఒరెస్ట్, ఆ బూట్ల మీద కుట్టు మా ఆయన నేర్పిందే కదూ?"

అవునన్నాను. ఆవిడ వెళ్ళిపోయింది.

ఆ బొమ్మ మాయమవ్వగానే వెర్నా గుండెల నిండా గాలి పీల్చుకున్న చప్పుడు కంప్యూటర్‌కి తగిలించుకున్న నా హెడ్‌ఫోన్‌లో వినబడింది. "బతికిపోయాం ఒరెస్టూ," అంది.

ఆ ఒక్క మాట నాకు నెత్తికెక్కింది. పోయినవాడు పోయాడు, పిల్ల ఏడుస్తూ పోయింది, ఈవిడ బతికిపోయిందట. గంట ఇంకా మూలన మెరుస్తూనే ఉంది.

బుధవారం పొద్దున కాఫీ పెట్టుకుని, డెల్ఫీన్‌కి మూడో ఫిర్యాదు నేనే రాశాను. మర్యాదగా, ఒక్క తిట్టు లేకుండా, మూడుసార్లు దిద్ది మరీ రాశాను. పంపితే ఏమవుతుందో నాకు బాగా తెలుసు. నా బూట్లూ పోతాయి. అయినా పంపాను. పంపాక కడుపు చల్లగా ఉంది. ఆ పూట గులాబీరంగు తీపి పూత ఉండే మా ఊరి పర్షియన్ బన్నులు రెండు కొనుక్కుని తిన్నాను కూడా.

శుక్రవారం వెర్నా వచ్చి నా తలుపు బాదింది. పెదాలకి రంగు లేదు. చేతిలో డెల్ఫీన్ ఉత్తరం, కాగితం మీద తీయించుకుంది.

"చూడు! చూడు ఆ బిర్డీ ముసల్దాని పని! మొహం మీద రాయనని చెప్పి, వెనకనించి రాసేసింది. వారంలో ఖాళీ చెయ్యాలట. తొమ్మిదేళ్ళు ఒరెస్టూ! ఎవరైనా మన చీటీ నొక్కితే ఎక్కడికెళ్తారు? ఎవడి గుమ్మంలో దిగుతారు?" కుర్చీలో కూలబడింది. "నేనూ ఊరుకోను. గుంపు మొత్తానికి రాస్తా. ఆ బిర్డీ ఎలాంటిదో, ఎలా మాట తప్పిందో అందరికీ తెలియాలి. రాసి పెట్టుకున్నా, పంపడమే తరువాయి."

నేను ఇంకో గంట ఆగినా బాగుండేదేమో. కాని ఆగితే ఆ సందేశం వెయ్యిమందికి పోయేది.

"బిర్డీ కాదు. నేను," అన్నాను.

"నువ్వేంటి?"

"ఫిర్యాదు. నేను రాశాను."

ఆవిడ నన్ను చూసింది. కోప్పడుతుందనుకున్నాను, సిద్ధంగా కూర్చున్నాను. బదులు చెప్పడానికి నా దగ్గర చాలా మాటలున్నాయి, తొమ్మిదేళ్ళుగా పోగేసినవి.

"ఏం రాశావు?" అంది.

"ఏముంది, జరిగింది రాశాను."

"చదువు. నాముందు చదువు."

తెర మీద తెరిచి చదివాను.

"డెల్ఫీన్ గారికి. వీధి చివరి కొట్టులో గంట అందే దూరాన్ని తొంభై ఆరు మీటర్లకు పెంచారు. ఆ గంట నేల మీద గీసిన గుండ్రం లాంటిది కాదు. పక్కలకు ఎంత దూరం మోగుతుందో పైకి కూడా అంతే మోగుతుంది. అందువల్ల పైన ఉన్న ఇంట్లో సంతాప సభకు వచ్చిన వారందరికీ చీటీ వెళ్ళింది. కొట్టు నడిపే ఆమెకు ఈ సంగతి తెలియకపోయి ఉండవచ్చు. ఆమె ఉద్దేశం చెడ్డది కాదు. వచ్చినవారు తలుపు దాటాక, రోజుకు ఒక్కసారి పలకరిస్తే ఎవరికీ ఇబ్బంది ఉండదు. వద్దన్నవారిని మళ్ళీ అడగకపోతే వారే తిరిగి వస్తారు. ఇట్లు, ఒరెస్ట్."

వెర్నా తలెత్తి పైకప్పు వైపు చూసింది. తర్వాత మెల్లగా అడిగింది.

"పైకి కూడా మోగుతుందా?"

"మోగుతుంది."

"నీకెప్పణ్ణించి తెలుసు?"

"మొదట్నుంచీ తెలుసు. ఎవరికైనా తెలుసు."

"నాకు తెలీదు. నేను నాలుగు వైపులా నడిచి చూశా. నీకు చెప్పా కూడా, ఆ కంచె దగ్గర." లేచి నిలబడింది. "ఆదివారం అరగంట నా వంటింట్లో నిలబడ్డావు. అప్పుడూ చెప్పలేదు."

"చెప్పాను! తొమ్మిదేళ్ళుగా గొంతు చించుకుని చెబుతూనే ఉన్నాను!"

"తిట్టావు ఒరెస్టూ. తొమ్మిదేళ్ళూ తిట్టావు. ఇంత చక్కగా, ఇంత అర్థమయ్యేట్టు చెప్పడం నీకు చేతనవునని నాకివాళే తెలిసింది. మొహం కూడా ఎరగని ఆవిడకి చెప్పావు. పక్కింట్లో ఉన్నదాన్ని, ఒక్కసారి నాకు చెప్పి ఉంటే తీసేసేదాన్నయ్యా."

నా దగ్గర పోగేసుకున్న మాటల్లో ఒక్కటీ దీనికి పనికిరాలేదు. డెల్ఫీన్ ఉత్తరం నా చేతిలో పెట్టేసి వెళ్ళిపోయింది. తలుపు కూడా మెల్లగానే వేసింది.

వారం గడిచేలోపు కొట్టు తీసేశారు. ఇప్పుడా ఒడ్డున ఎవరో లాంతర్లు అమ్ముతున్నారు. ఆ చలికాలం నా మెట్ల మీద మంచు నేనే ఎత్తిపోసుకున్నాను. మోకాళ్ళు రెండు రోజులు పనిచేస్తే మూడు రోజులు పని మానేశాయి. కంచె అవతల ఆవిడ కనబడితే తల ఊపేది, అంతే.

మార్చిలో బిర్డీ నుంచి నాకు ఒక ముక్క వచ్చింది. "మీ వెర్నా మళ్ళీ కొట్టు తెరిచింది. బూట్లు కాదు, టోపీలు. పాతవాళ్ళందరికీ తలా ఒక చీటీ పంపింది. ఒక్కటే, రెండోది రాలేదు. ఇష్టమైతేనే రండి, మళ్ళీ అడగను అని రాసింది. నాకు కూడా వచ్చింది. చూసే ఉంటావుగా?"

నేను నా చీటీల పెట్టె తెరిచి చూశాను. పైనుంచి కిందిదాకా రెండుసార్లు వెతికాను. నాకు రాలేదు.